వాటం గేటు వైపే ఉంది

మేడిశెట్టిపురం అగ్నిమాపక కేంద్రానికి కొత్త గ్యారేజీ కట్టిన ఏడాది నేను అక్కడ గుమస్తాగా ఉన్నాను. ఈ వ్యవహారంలో ప్రతి ఉత్తరమూ నా చేతి మీదుగానే వెళ్ళింది, ప్రతి జవాబూ నా బల్ల మీదికే వచ్చింది. ఎవరినీ తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. అందరూ రూల్సు ప్రకారమే నడుచుకున్నారు. నీళ్ళు మాత్రమే నడుచుకోలేదు.

గ్యారేజీ చూడ్డానికి ముచ్చటగా ఉండేది. ఎర్రరంగు షట్టరు, తెల్లటి గోడలు, పైన పెద్ద అక్షరాల బోర్డు. కింద కాంక్రీటు గచ్చు. ఇలాంటి గచ్చును సమంగా పోయరు. ఇంజను కడిగిన నీళ్ళు గేటులోంచి రోడ్డు పక్క కాలువలోకి పోవాలి కాబట్టి, గేటు వైపు కొంచెం ఏటవాలుగా పోస్తారు. మేస్త్రీలు దాన్ని వాటం అంటారు. మా గచ్చుకు వాటం ఉంది, కానీ వెనక గోడ వైపు ఉంది. గేటు దగ్గర ఉన్న ఎత్తు, వెనక గోడ దగ్గరికి వెళ్ళేసరికి జానెడు తగ్గిపోయింది. ప్లాను కాగితాన్ని ఎవరో తలకిందులుగా పట్టుకున్నారని అప్పట్లో ఒక మాట వినపడింది. అది రుజువు కాలేదు. ఎందుకంటే ఫైల్లో కాగితం నిటారుగానే కుట్టి ఉంది.

ఫైరింజను డ్రైవరు పైడయ్య మొదటిరోజే ఈ సంగతి కనిపెట్టాడు. ఇంజను లోపల పెట్టి దిగాడు. బండి దానంతటదే మెల్లగా వెనక్కి జరిగి, గోడకి వీపు ఆనించి నిలబడింది.

"గుమస్తా గారూ, ఇది గ్యారేజీ కాదండి, ఉయ్యాల," అన్నాడు.

రోజూ ఉదయం ఇంజను కడగాలని రూలు. కడిగిన నీళ్ళన్నీ వెనక చేరేవి. నెల తిరిగేసరికి అక్కడ పచ్చగా పాచి పట్టింది. వెనక చక్రాలు ఆ పాచిలో నిలబడేవి. నాలుగున్నర వేల లీటర్ల నీళ్ళు మోసే బండి, పాచి మీంచి ఎత్తు ఎక్కి బయటికి రావాలి. రానని మొండికేసేది. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగేవి.

మా స్టేషన్ ఆఫీసరు లింగమూర్తి గారు మంచివారు. కంగారు పుట్టినప్పుడల్లా టోపీ తీసి దాని ముందున్న ఇత్తడి బిళ్ళని రుమాలుతో తుడిచేవారు. ఆ నెలంతా తుడిచి తుడిచి, చివరికి సువార్తమ్మను పిలిపించారు.

సువార్తమ్మ మా ఊళ్ళో పేరున్న తాపీమేస్త్రీ. యాభై ఏళ్ళ మనిషి. మొగుడి దగ్గర పని నేర్చుకుని, అతను పోయాక తనే మేస్త్రీ అయింది. నీళ్ళు నింపిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి తెచ్చింది. ఒక కొస గేటు దగ్గర పైడయ్య చేతికిచ్చి, రెండో కొస వెనక గోడ దగ్గర తను పట్టుకుంది. గొట్టంలో నీళ్ళు నిలిచిన మట్టానికి గోడల మీద రెండు గీతలు గీసి, వాటి కింద ఎత్తులు కొలిచి పెదవి విరిచింది.

"వాటం తిరగబడిపోయిందండి. పైపైన సిమెంటు పూస్తే ఆగదు. పాత గచ్చంతా ఉలితో గాట్లెట్టి, సిమెంటు పాలు కొట్టి, పైన కొత్త కాంక్రీటు పోసెయ్యాలి. ఎనకాల జానెడున్నర మందం, ముందుకొచ్చేసరికి నాలుగు వేళ్ళ మందం. గేటు దగ్గర అంచు పల్చనైపోతే పెచ్చులూడిపోద్ది కాబట్టి అక్కడ గాడి తవ్వాలి. నాలుగు రోజుల పనండి. తర్వాత మూడు వారాలు తడపాలి. అంతే."

"అంతేనా?" అన్నారు లింగమూర్తి గారు ఆశగా.

"అంతేనండి."

కానీ గ్యారేజీ మాది కాదు. అందులో ఉన్న ఇంజను మాది. గచ్చు భవనాల శాఖది. వాళ్ళ అనుమతి లేకుండా మేం ఉలి దెబ్బ కొట్టకూడదు. కాబట్టి నేను ఉత్తరం రాశాను: "గ్యారేజీ గచ్చు వాటము వెనుకకు ఉన్నందున మరమ్మతు చేయుటకు అనుమతి కోరడమైనది."

జవాబు వచ్చేదాకా పైడయ్య ఇంజనుని బయట వేపచెట్టు కింద పెట్టాడు. జవాబు కంటే ముందు మెమో వచ్చింది. "గ్యారేజీ కలిగియుండియు వాహనమును చెట్టు క్రింద నిలుపుట ప్రభుత్వ కట్టడమును అవమానించుటగా భావించడమైనది. సదరు వాహనమును తక్షణమే లోపల నిలుపవలెను."

పైడయ్య ఇంజనుని తక్షణమే లోపల నిలిపాడు. అది మే నెల.

నాలుగో రోజు మధ్యాహ్నం రెండింటికి ఫోను మోగింది. ఊరికి మూడు మైళ్ళ దూరంలో నూకాలమ్మ అనే ముసలావిడ గడ్డివాము అంటుకుంది. గంట కొట్టాం. అందరూ ఎక్కారు. చక్రాలు పాచిలో గిర్రున తిరిగాయి. అందరూ దిగి తోశారు. బండి రెండడుగులు ఎక్కి, మూడడుగులు జారింది.

"బరువు తగ్గించాలండి!" అని అరిచాడు పైడయ్య.

బరువంటే అందులో ఉన్నది నీళ్ళే. గొట్టం బయటికి లాగి ట్యాంకులోని నీళ్ళన్నీ రోడ్డు మీదికి వదిలేశారు. బండి తేలికై, కూత పెట్టుకుంటూ ఒక్క ఊపులో బయటపడింది. అంత వేగంగా వెళ్ళడం నేను మళ్ళీ చూడలేదు. దారిలో కాలువ దగ్గర నింపుకుందామనుకున్నారు. మే నెల కదా, కాలువ కట్టేశారు. బురద తప్ప ఏమీ లేదు.

నూకాలమ్మ ఎదురొచ్చింది. "బాబ్బాబూ, కొట్టండి నాయనా, కొట్టండి!" అంది.

పైడయ్య గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. గొట్టంలోంచి గాలి వచ్చింది. గాలికి మంట ఇంకొంచెం లేచింది.

"నీళ్ళేవి నాయనా?"

"ఊళ్ళో వదిలేసి వచ్చామమ్మా," అన్నాడు పైడయ్య. అతను చెప్పింది నిజమే. కానీ ఆవిడ అతని ముఖంలోకి చూసిన చూపు గురించి రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళందరికీ విడివిడిగా చెప్పి బాధపడ్డాడట. ఆ ఏడు ఆవిడ రెండు గేదెలకీ వానలు పడేదాకా మేత పైడయ్యే వేశాడు. డ్యూటీ దిగగానే సైకిలు మీద పచ్చగడ్డి మోపు కట్టుకుని వెళ్ళేవాడు. ఇది ఏ రికార్డులోనూ లేదు.

గడ్డివాము సంగతి పైకి రాశాక, భవనాల శాఖ ఇంజనీరు ప్రభంజనరావు గారు స్వయంగా వచ్చారు. గ్యారేజీ కట్టించిందీ, పని పూర్తయిందని సంతకం పెట్టిందీ ఆయనే. వచ్చీరాగానే గచ్చు వైపు చూడలేదు. ఫైలు అడిగారు. కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి చదివారు.

"ఇదిగో. 'గచ్చు వాటము: గేటు వైపు.' నా సంతకం. తేదీ. ముద్ర. ఇంకేం కావాలి?"

"నీళ్ళు వెనక్కి పోతున్నాయండి," అన్నారు లింగమూర్తి గారు బిళ్ళ తుడుస్తూ.

"ఎలా పోతాయి? వాటం గేటు వైపే ఉంది కదా."

పైడయ్య ఒక బకెట్టు నీళ్ళు తెచ్చి గేటు దగ్గర కుమ్మరించాడు. నీళ్ళు చక్కగా, ఎవరికీ భయపడకుండా, వెనక గోడ దాకా నడిచి వెళ్ళాయి. ప్రభంజనరావు గారు వాటిని తదేకంగా చూశారు.

"ఇవెక్కడి నీళ్ళు?"

"బోరు నీళ్ళండి."

"అదీ సంగతి. మున్సిపాలిటీ నీళ్ళు కావన్నమాట. శాఖాపరంగా ధ్రువీకరించని నీళ్ళతో శాఖాపరమైన గచ్చుని పరీక్షించడం సమంజసం కాదు."

మున్సిపాలిటీ నీళ్ళు తెప్పించారు. అవీ వెనక్కే పోయాయి.

పదిరోజుల తర్వాత ఉత్తరం వచ్చింది. "నీరు రికార్డునకు విరుద్ధముగా ప్రవహించుచున్నట్లు గమనించడమైనది. ఇందుకు గల కారణములను స్టేషన్ అధికారి వివరించవలెను. ఇకపై ప్రతిదినము ఉదయం పదకొండు గంటలకు ఒక బకెట్టు నీటిని పోసి, ప్రవాహ దిశను జతపరచిన నమూనాలో నమోదు చేయవలెను."

నమూనా అచ్చువేసి పంపారు. అందులో దిశ అనే గడిలో 'గేటు వైపు' అన్న రెండు మాటలే ఉన్నాయి. పక్కన టిక్కు పెట్టాలి. టిక్కు పెట్టలేకపోతే, ఎందుకు పెట్టలేకపోయారో విడిగా కాగితం మీద సంజాయిషీ రాసి జతచేయాలి. నేను మొత్తం ఎనభైమూడు సంజాయిషీలు రాశాను. మొదట్లో భూమ్యాకర్షణ గురించి రాశాను. తర్వాత 'నీరు పల్లమెరుగును గనుక' అని క్లుప్తంగా ముగించాను. దానికి, 'పల్లము' అను పదము రికార్డులో లేదు గనుక ఉపయోగించరాదని అభ్యంతరం వచ్చింది. అరవయ్యో దాని నుంచీ 'నీటి స్వంత కారణముల వల్ల' అని రాశాను. దానికి అభ్యంతరం రాలేదు.

ఈలోగా వానాకాలం వచ్చింది. గ్యారేజీ వెనక భాగం చిన్న చెరువైంది. కప్పలు చేరాయి. గంట కొడితే మాకంటే ముందు అవి పలికేవి. అదృష్టం బాగుండి ఆ నాలుగు నెలలూ ఊళ్ళో ఏదీ అంటుకోలేదు. అంటుకున్నా వానే ఆర్పింది. ఆ ఘనత కూడా గ్యారేజీ ఖాతాలోనే రాశారు: "కొత్త గ్యారేజీ ప్రారంభమైన పిదప అగ్నిప్రమాదములు గణనీయముగా తగ్గినవి."

అయినా మా ఎనభైమూడు సంజాయిషీలూ ఒక బల్ల నిండిపోయేసరికి పైవాళ్ళు ఒక త్రిసభ్య కమిటీ వేశారు. అధ్యక్షుడు ప్రభంజనరావు గారు. రెండో సభ్యుడి పోస్టు ఖాళీగా ఉంది కాబట్టి దాని అదనపు బాధ్యత ప్రభంజనరావు గారిది. కార్యదర్శి సెలవులో ఉన్నాడు కాబట్టి ఆ బాధ్యతా ఆయనదే. సమావేశాలు క్రమం తప్పకుండా జరిగాయి. ఒకసారి ఒక సభ్యుడు అధ్యక్షుడితో విభేదించినట్టు కూడా మినిట్సులో ఉంది.

డిసెంబరులో నివేదిక వచ్చింది. దాన్ని లింగమూర్తి గారు మూడుసార్లు చదివి నా చేతికిచ్చారు.

"ఇది కాస్త గట్టిగా చదవండి. నాకు సరిగ్గా అర్థమవుతోందో లేదో."

చదివాను. "గచ్చు వాటము గేటు వైపు ఉన్నదని ధ్రువపత్రము స్పష్టముగా తెలియజేయుచున్నది. నీరు వెనుక గోడ వైపు ప్రవహించుచున్నదని స్టేషన్ సిబ్బంది నివేదించుచున్నారు. ఈ రెండును నిజమే. కావున గేటు వెనుక గోడ వైపు ఉన్నదని కమిటీ ఏకగ్రీవముగా నిర్ణయించుచున్నది."

లింగమూర్తి గారు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "నాకూ అలాగే అర్థమైంది," అన్నారు.

ఉత్తర్వులు వెంట వెంటనే వచ్చాయి. వెనక గోడ మీద ఎర్రరంగుతో 'ముఖద్వారము' అని రాయించాం. అసలు గేటు మీద 'వెనుక గోడ' అని రాయించాం. ఉదయం కవాతు ఇకమీదట ముఖద్వారం వైపు సాగాలన్నారు. సిబ్బంది పదకొండుమందీ వరసగా నడిచి గోడ దాకా వెళ్ళి, ముక్కులు తగిలేలోపు ఆగేవారు. తపాలా మనిషి 'వెనుక గోడ' అని రాసి ఉన్నచోట షట్టరు తెరిచి ఉండడం చూసి, లోపలికి రావచ్చో లేదోనని రెండు రోజులు ఉత్తరాలు వెనక్కి పట్టుకెళ్ళాడు.

గోడకి అవతల పశువుల ఆసుపత్రి ఉంది. మా ముఖద్వారం ముందు ఎడ్లను కట్టరాదనీ, ఇంజను ఏ క్షణమైనా బయటికి రావచ్చుననీ వాళ్ళకి ఉత్తరం రాయమన్నారు. రాశాను. ఆ డాక్టరమ్మ మర్యాదస్తురాలు. "తమరి ఇంజను వచ్చునపుడు దయచేసి ముందుగా తెలియజేయగలరు, గోడను పట్టుకొనుటకు మనిషిని ఏర్పాటు చేయుదుము," అని జవాబిచ్చింది.

నవ్వుకోవడం బాగానే ఉంది గానీ, సంక్రాంతి వెళ్ళి ఎండలు మొదలయ్యేసరికి పైడయ్య నవ్వడం మానేశాడు. ఒకరోజు నా బల్ల దగ్గరకొచ్చి కూర్చున్నాడు.

"గుమస్తా గారూ, మళ్ళీ మే నెల వచ్చేత్తందండి. పోయినేడు గడ్డివాము. ఈ ఏడు ఏ ఇల్లో అంటుకుంటే? లోపల పసిబిడ్డుంటే? నేను మళ్ళీ ఉత్తి గొట్టం పట్టుకుని నిలబడలేనండి. ఉద్యోగం వదిలేసి పోతాను."

"ఏం చెయ్యమంటావు పైడయ్యా? మరమ్మతుకి అనుమతి రాదు. మరమ్మతు అన్నామంటే ముందు అది పాడైందని ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు మీద ఎవరు సంతకం పెడతారు?"

అలా అంటూండగానే నాకు తట్టింది. చిక్కంతా గచ్చులో లేదు, మరమ్మతు అన్న మాటలో ఉంది. రూల్సు పుస్తకం తీశాను. ఏప్రిల్లో అగ్నిమాపక వారోత్సవాలు వస్తాయి. 'వారోత్సవముల సందర్భముగా స్టేషన్ ఆవరణలో తాత్కాలిక వేదికను స్టేషన్ అధికారి తన విచక్షణ మేరకు నిర్మింపజేయవచ్చును. నిర్మాణ కాలములో వాహనమును ఆరుబయట నిలుపవచ్చును.' వేదిక ఎంత పెద్దదో చెప్పలేదు. ఎత్తు చెప్పలేదు. దేనితో కట్టాలో చెప్పలేదు.

లింగమూర్తి గారు ఆ పేరా మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. "వేదిక సరిగ్గా గ్యారేజీ అంత ఉంటుందంటారా?"

"గోడ నుంచి గోడకండి."

"వెనక జానెడున్నర ఎత్తు?"

"అతిథులు కూర్చునేచోటు కదండీ, ఎత్తుండాలి. ముందుకొచ్చేసరికి తగ్గుతుంది. ముసలివాళ్ళు ఎక్కడానికి వీలుగా."

ఆయన టోపీ పెట్టుకున్నారు. బిళ్ళ తుడవలేదు.

మార్చి నెలలో సువార్తమ్మ మళ్ళీ వచ్చింది. సంగతి చెబితే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఆయ్, అలాగేనండి. వేదికే కడతాను. ఎవరన్నా అడిగితే నాకు గచ్చు పొయ్యడం రాదని చెప్పేత్తాను."

ముందు పాచి గీకించింది. ఇద్దరు కూలీలతో పాత గచ్చంతా గాట్లు పెట్టించి, దుమ్ము లేకుండా కడిగించింది. గేటు పొడవునా గాడి తవ్వించింది. ఇనప చువ్వల వల పరిచింది. సిమెంటు పాలు ఆరేలోపే కాంక్రీటు పోయించి, పొడుగాటి చెక్కబద్దతో గోడ మీద గీతల ప్రకారం వెనకనుంచి ముందుకు ఒకే వాటంగా లాగింది. పైన మరీ నున్న చెయ్యలేదు. "నున్నగుంటే టైర్లు జారతాయండి. వేదిక మీద అతిథులు కూడా," అంది. చుట్టూ మట్టి గట్టు కట్టి ఇరవైరోజులు నీళ్ళు నిలబెట్టింది. రోజూ పొద్దునా సాయంత్రం తనే వచ్చి చూసుకునేది. ఇంజను ఆ రోజులన్నీ వేపచెట్టు కింద దర్జాగా నిలబడింది.

వారోత్సవాలకి ముఖ్య అతిథిగా ప్రభంజనరావు గారినే పిలిచాం. ఆయన మామిడి తోరణాల కింద వేదిక మీద కూర్చుని, దండ వేయించుకుని, చాలా సంతోషించారు.

"నా సర్వీసులో ఎన్నో వేదికలు ఎక్కాను. ఇంత విశాలమైనది, ఇంత దృఢమైనది ఎక్కడా చూడలేదు. దీని రూపకల్పనలో ఒక దూరదృష్టి ఉంది," అన్నారు. చివర్లో, ముఖద్వారం వైపు తిరిగి నమస్కారం పెట్టారు. గోడ మీద ఉన్న అక్షరాలకి అది తగిన గౌరవమే.

మర్నాడు కుర్చీలు తీసేసి, ప్రజల సందర్శనార్థం ఇంజనుని వేదిక మీదికి ఎక్కించాం. ట్యాంకు నిండుగా నీళ్ళున్నాయి. అయిదో రోజు పొద్దున పదిన్నరకి ఫోను మోగింది. మగ్గాల వీధిలో తాటాకు పాక అంటుకుంది. లోపల మూడు మగ్గాలున్నాయి, పక్కనే వరసగా పన్నెండిళ్ళున్నాయి, గాలి ఇళ్ళ వైపే ఉంది.

గంట మోగడం వినపడింది. పైడయ్య ఎక్కడం చూశాను. ఆ తర్వాత చూసేసరికి గ్యారేజీ ఖాళీగా ఉంది. బ్రేకు వదలగానే బండి దానంతటదే ముందుకు కదిలి, గేరు పడేలోగా గేటు దాటిందని తర్వాత చెప్పాడు.

నేను సైకిలెక్కి మగ్గాల వీధికి వెళ్ళేసరికి పొగ తెల్లబడుతోంది. పాక కప్పు సగం పోయింది. మగ్గాలు తడిసి ముద్దై నిలబడి ఉన్నాయి. ఒకదాని మీద సగం నేసిన పసుపు చీర అలాగే ఉంది. పన్నెండిళ్ళలో ఒక్కదానికీ నిప్పురవ్వ తగల్లేదు. పాకలో ఉండే ఇంటావిడ ఒక చేత్తో పిల్లని ఎత్తుకుని, ఇంకో చేత్తో పైడయ్యకి చెంబు అందిస్తోంది.

"మంచినీళ్ళు తాగన్నా."

"నీళ్ళు బోలెడున్నాయమ్మా," అన్నాడు పైడయ్య. అంటూనే చెంబు అందుకుని, ముఖం మీద గుమ్మరించుకున్నాడు. అది చల్లదనం కోసమే కాదని, తడికళ్ళు దాచుకోడానికని నాకు తెలిసింది.

వారోత్సవాలు ముగిసిన మర్నాడే మెమో దిగింది. "తాత్కాలిక వేదికను ఏడు దినములలోగా తొలగించి, తొలగించినట్లు నివేదించవలెను. తదుపరి ఇంజనీరు గారు తనిఖీ చేయుదురు."

పైడయ్య కాగితం చదివించుకుని విని, వేదిక మీద చతికిలబడ్డాడు. "నా మీదనుంచి పగలగొట్టమనండి," అన్నాడు.

లింగమూర్తి గారు మాత్రం తొణకలేదు. మగ్గాల వీధి నుంచి వచ్చినప్పటినుంచీ ఆయన నడకే మారింది. నా బల్ల దగ్గరకొచ్చి నిలబడి, "రాయండి," అన్నారు.

"ఏమనండి?"

"'తాత్కాలిక వేదిక తొలగించబడినది.' సంతకం పెడతాను. తేదీ వేయండి. ముద్ర వేయండి. ఇంకేం కావాలి?"

ఎనిమిదో రోజు ప్రభంజనరావు గారు తనిఖీకి వచ్చారు. ఫైలు అడిగారు. వేలు పెట్టి చదివారు. "తొలగించబడినది. బాగుంది," అని, గ్యారేజీ మధ్యకి నడిచి నిలబడ్డారు. పైడయ్య అప్పుడే ఇంజను కడుగుతున్నాడు. సబ్బు నురగతో నీళ్ళు ఆయన బూట్ల పక్కనుంచి గలగలా పారుతూ గేటు దాటి కాలువలో పడుతున్నాయి. ప్రభంజనరావు గారి ముఖం వికసించింది. గేటు వెనక గోడ వైపుందన్న కమిటీ నిర్ణయం ఆయనకి ఆ క్షణంలో గుర్తు రాలేదు.

"చూశారా? మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను. వాటం గేటు వైపే ఉంది. ఏడాది పట్టినా, నీళ్ళు చివరికి దారికొచ్చాయి."

"చిత్తం," అన్నారు లింగమూర్తి గారు.

సువార్తమ్మ ఆ వేళ గేటు దగ్గర అంచు ఎలా ఉందో చూసుకోవడానికి వచ్చి, వంగుని అరచేత్తో తడుముతోంది. ఇంజనీరు గారికి ఆవిడ కనిపించింది.

"ఎవరమ్మా నువ్వు?"

ఆవిడ లేచి కొంగు సర్దుకుంది. "మొన్న పండక్కి ఇక్కడ వేదిక కట్టినదాన్నండి."

"అది తీసేశారు కదా?"

"ఆయ్, తీసేశారండి."

ఆయన తను నిలబడ్డచోటు నుంచి నాలుగు మూలలా పరికించి చూశారు. బూటు మడమతో గచ్చుని రెండుసార్లు తట్టారు.

"బాగా తీసేశారు," అన్నారు. "మచ్చ కూడా లేదు."